గర్భసంచి మూతి క్యాన్సర్: చిన్న కోతా, పెద్ద కోతా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆపరేషన్ల మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో క్యాన్సర్ వైద్య నిపుణుల జవాబులు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఆసుపత్రుల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా అక్కకు 44 ఏళ్లు. భర్తతో కలిసినప్పుడల్లా రక్తం కనపడుతోందని డాక్టరమ్మకు చూపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం క్యాన్సర్ అని వచ్చింది. ఎంఆర్ఐలో గడ్డ 2.8 సెంటీమీటర్లు ఉంది, స్టేజి 1బి2, అంటే తొలి దశే అన్నారు. ఒక ఆసుపత్రిలో రోబోతో చేస్తాం, మూడో రోజు ఇంటికి పంపిస్తాం అంటున్నారు. ఇంకోచోట పొట్ట కోసి చేయాల్సిందేనట. కొత్త పద్ధతి ఉండగా పాతదానికి ఎందుకు పోవాలని మా బావ అడుగుతున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మీ అక్కకు పొట్ట తెరిచి చేసే ఆపరేషనే చేయించండి. ఇంత గట్టిగా చెప్పడానికి ఆధారం ఉంది.

2018 దాకా ప్రపంచంలో చాలామంది సర్జన్లు మీ బావగారిలాగే అనుకున్నారు. చిన్న రంధ్రాలతో, అంటే కీహోల్ పద్ధతిలో (రోబో కూడా ఇందులోదే) చేస్తే రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, త్వరగా లేచి నడుస్తారు. ఇవన్నీ నిజమే. క్యాన్సర్ నయం కావడంలోనూ కీహోల్ ఏమీ తీసిపోదని నిరూపించాలనే ల్యాక్ అనే అధ్యయనం మొదలుపెట్టారు. డాక్టర్ పెడ్రో రమిరెజ్ బృందం 33 ఆసుపత్రుల్లో 631 మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసింది. 312 మందికి పొట్ట తెరిచి, 319 మందికి కీహోల్ ద్వారా ఆపరేషన్ అన్నది లెక్క. అందరివీ తొలి దశ క్యాన్సర్లే, ఆశించిన ఆపరేషన్ కూడా ఒకటే. కడుపులోకి వెళ్లే దారి మాత్రం వేరు.

కీహోల్ వర్గంలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు ఎక్కువ కావడంతో కొత్తవారిని చేర్చుకోవడం మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 2018 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు పొట్ట తెరిచిన వర్గంలో 96.5 శాతం, కీహోల్ వర్గంలో 86 శాతం. మూడేళ్లకు ప్రాణాలతో ఉన్నవారు 99 శాతం, 93.8 శాతం. 2024లో వచ్చిన తుది లెక్కల్లోనూ తేడా అలాగే నిలిచింది. నాలుగున్నరేళ్లకు బతికున్నవారు ఒకవైపు 96.2 శాతం, మరోవైపు 90.6 శాతం. అంటే నూరు మందికి కీహోల్ చేస్తే అదనంగా ఐదారు ప్రాణాలు పోయినట్టు. తొలి దశలో, నయం కావలసిన జబ్బులో, ఇది చిన్న సంఖ్య కాదు.

‘ఆ అధ్యయనంలో ఎక్కువగా మామూలు ల్యాప్రోస్కోపీలే, రోబో వేరు’ అని మీకు చెప్పవచ్చు. ల్యాక్‌లో కీహోల్ వర్గంలో రోబో వాటా 15.6 శాతమే, అది నిజం. అదే జర్నల్ అదే సంచికలో అమెరికా క్యాన్సర్ రికార్డుల నుంచి తీసిన 2,461 మంది లెక్కలు కూడా వచ్చాయి. అందులో కీహోల్ చేయించుకున్న ప్రతి ఐదుగురిలో నలుగురికి రోబోతోనే చేశారు. నాలుగేళ్లలో మరణాలు కీహోల్‌లో 9.1 శాతం, పొట్ట తెరిచిన వారిలో 5.3 శాతం. ‘ఆ సర్జన్లకు చేయి తిరగలేదు’ అన్న వాదన కూడా వింటాం. ల్యాక్‌లో చేరాలంటే ఒక్కో కేంద్రం తాను చేసిన 10 కేసుల వివరాలు, కత్తిరింపులు లేని 2 ఆపరేషన్ వీడియోలు పంపాలి. నేర్చుకుంటున్నవారిని చేర్చుకోలేదు.

కోత బాధ గురించి భయం సహజమే. పొట్ట తెరిస్తే సుమారు ఐదు నుంచి ఏడు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది, ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. కానీ ల్యాక్‌లో ఆరు వారాలకు, మూడు నెలలకు జీవన నాణ్యత గురించి అడిగినప్పుడు రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. మొత్తం మీద ఆపరేషన్ ఇబ్బందులు కూడా దాదాపు సమానమే. మొదటి రెండు వారాల సుఖం కోసం తర్వాతి ఏళ్లను పణంగా పెట్టవద్దని మీ బావగారికి చెప్పండి.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు సర్జన్‌ను నాలుగు మాటలు అడగండి. ఒకటి, ఎంఆర్ఐలో లింఫు గ్రంథులు ఉబ్బి ఉన్నాయా? గ్రంథుల్లోకి పాకి ఉంటే అది 3సి దశ అవుతుంది, ఆపరేషన్ కాకుండా రేడియేషన్‌తోనే మొదలుపెట్టాలి. రెండు, చేసేది ర్యాడికల్ హిస్టరెక్టమీయేనా? అంటే గర్భసంచితోపాటు దాని పక్కల ఉండే పారామెట్రియం అనే కణజాలం, యోని పైభాగం, కటి భాగపు గ్రంథులు అన్నీ తీయాలి. మామూలుగా గర్భసంచి తీసేసే ఆపరేషన్ 2.8 సెంటీమీటర్ల గడ్డకు చాలదు. మూడు, అండాశయాలు ఉంచుతారా? నెలసరి ఇంకా వస్తున్న స్త్రీలో, స్క్వామస్ రకం జబ్బులో, అండాశయాలు మామూలుగా కనిపిస్తే ఉంచవచ్చు. 44 ఏళ్లకే అవి తీసేస్తే ఎముకలకూ గుండెకూ నష్టం. నాలుగు, ఇలాంటి ఆపరేషన్లు ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నేను ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ చదువుతున్నాను. కీహోల్‌లో జబ్బు తిరగబెట్టడానికి ‘యుటెరైన్ మానిప్యులేటర్’ కారణమని క్లాసులో అన్నారు. ఆ పరికరం వల్ల ఏం జరుగుతుంది? గ్యాసు కూడా కారణమా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మంచి ప్రశ్న. ఒక్కో మెట్టు చూస్తే విషయం తెలుస్తుంది.

కీహోల్‌లో ముందుగా వెరెస్ సూది (గ్యాసు ఎక్కించే సూది) తోగానీ నేరుగా ట్రోకార్ (పనిముట్లు దూర్చే గొట్టం) తోగానీ పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఒత్తిడి సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల మెర్క్యురీ. 10 మిల్లీమీటర్ల టెలిస్కోప్, 5 మిల్లీమీటర్ల పనిముట్ల కోసం మూడు నాలుగు రంధ్రాలు పెడతారు. పేగులు పైకి జరగాలని పేషెంట్ తల కిందికి వంచుతారు. ఇక గర్భసంచిని అటూ ఇటూ కదిలించాలి. పొట్ట తెరిచినప్పుడైతే గర్భసంచి పై మూలలకు రెండు పొడవాటి క్లాంపులు వేసి చేత్తో లాగుతాం. కీహోల్‌లో ఆ పని యోని వైపు నుంచి మానిప్యులేటర్ చేస్తుంది.

అది పెట్టే తీరు గమనించండి. స్పెక్యులమ్ (యోనిని తెరిచి పట్టే పరికరం) వేసి, ముఖద్వారం పెదవిని టెనాక్యులమ్ అనే పళ్ల పట్టకారుతో పట్టుకుంటారు. సౌండ్ అనే సన్నని కడ్డీతో లోతు కొలుస్తారు, ద్వారాన్ని వెడల్పు చేస్తారు, కడ్డీని లోపలికి పోనిచ్చి బెలూన్ ఉబ్బిస్తారు. ముఖద్వారం చుట్టూ కప్పు అమరుస్తారు. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గర్భసంచి గడ్డ) కేసులో ఇందులో ఏ తప్పూ లేదు. కానీ ఇక్కడ టెనాక్యులమ్ పళ్లు దిగేది గడ్డలోకే, కడ్డీ దూసుకెళ్లేదీ గడ్డ మధ్యలోంచే. ఆ తర్వాత రెండు మూడు గంటలు ఆ కడ్డీతోనే గర్భసంచిని నెడుతూ తిప్పుతూ ఉంటారు. గడ్డ నలిగి కణాలు రాలడానికి, రక్తనాళాల్లోకి, లింఫు దారుల్లోకి నెట్టుకుపోవడానికి అవకాశం ఏర్పడుతుంది.

రెండో ఘట్టం యోనిని కోసి గర్భసంచిని వేరుచేసే చోట. పొట్ట తెరిచిన ఆపరేషన్‌లో గడ్డకు కింద యోనికి అడ్డంగా బలమైన క్లాంపు వేసి, దాని కింద కోస్తారు. గడ్డ లోపలే మూసుకుపోయి బయటికి వస్తుంది. కీహోల్‌లో మామూలుగా కప్పు అంచు మీద కోస్తారు. కోత తెరుచుకోగానే గడ్డ ఉపరితలం నేరుగా పొట్ట కుహరంలోకి తెరుచుకుంటుంది. లోపల గ్యాసు తిరుగుతూ ఉంటుంది, తల కిందికి ఉంటుంది కనుక రక్తం, ద్రవం పై పొట్ట వైపు పారతాయి. కీహోల్ తర్వాత తిరగబెట్టిన జబ్బు కొందరిలో పొట్ట పొర మీద చల్లినట్టు కనిపించడానికి ఇది సరిపోయే వివరణ. గ్యాసు ఒక్కటే దోషి అని చెప్పడానికి మనుషుల్లో రుజువు లేదు, ప్రయోగశాలలో కణాల మీద, జంతువుల మీద చేసిన పనుల నుంచి వచ్చిన అనుమానం అది.

మానిప్యులేటర్ మీద అనుమానానికి మాత్రం లెక్కలున్నాయి. ఐరోపాలో 2013, 2014లలో ఆపరేషన్ అయిన 693 మంది రికార్డులను సక్కర్ అనే అధ్యయనం పరిశీలించింది. మానిప్యులేటర్ వాడిన కీహోల్‌లో జబ్బు తిరగబెట్టే ముప్పు పొట్ట తెరిచినదానికంటే 2.76 రెట్లు ఉంది. అది వాడనివారిలో, కోతకు ముందే యోనిని కింది నుంచి కుట్టి గడ్డను మూసేసినవారిలో ఫలితాలు పొట్ట తెరిచినవాటికి దగ్గరగా ఉన్నాయి. అందుకే ఇప్పుడు కీహోల్ చేసేవారు గర్భసంచిని పై నుంచి కుట్టు వేసి లాగడం, ముందే యోనిని మూసేయడం, బయటికి తీసేటప్పుడు సంచిలో వేసి తీయడం పాటిస్తున్నారు.

ఒక్క జాగ్రత్త. సక్కర్ అనేది పాత రికార్డులు తిరగేసి చూసిన పని. ఏ సర్జన్ ఎవరికి మానిప్యులేటర్ వాడలేదో, ఎందుకు వాడలేదో అందులో తేలదు. చిన్న గడ్డలకు వాడకపోయి ఉండవచ్చు. లాటరీ పద్ధతిలో చేసిన ల్యాక్‌తో దాన్ని సమానంగా తూచకూడదు. ‘మేము మానిప్యులేటర్ వాడం కనుక మా కీహోల్ సురక్షితం’ అనే మాట ఇంకా రుజువు కావాల్సినదే.

ప్రశ్న: మా మేనత్తకు గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ అని పోయిన నెల ల్యాప్రోస్కోపీతో తీశారు. కీహోల్ మంచిది కాదని ఎక్కడో చదివి ఇంట్లో అందరం భయపడుతున్నాం.
– శ్రీకాళహస్తి

జవాబు: భయపడకండి, అది వేరే జబ్బు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు తొలి దశలో కీహోలే మేలు. లేస్ అనే అధ్యయనంలో 760 మందిని పోలిస్తే నాలుగున్నరేళ్లకు జబ్బు లేనివారు కీహోల్‌లో 81.6 శాతం, పొట్ట తెరిస్తే 81.3 శాతం. అంటే నయం కావడంలో రెండూ ఒకటే, కోలుకోవడం కీహోల్‌లో త్వరగా. లోపలి పొర గడ్డ గర్భసంచి గోడల మధ్య మూసి ఉంటుంది. ముఖద్వారం గడ్డ యోనిలోకి తెరుచుకుని ఉంటుంది. మీ మేనత్తగారి బయాప్సీ తుది రిపోర్టులో గ్రేడు, కండలోకి ఎంత లోతు దిగింది అన్నవి చూపించి, రేడియేషన్ అవసరమో కాదో అడగండి. అంతే.

ప్రశ్న: మా పిన్నమ్మకు ముఖద్వార క్యాన్సర్‌కు ఏడాది క్రితం కీహోల్‌లో ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు మళ్లీ పొట్ట తెరిచి చేయించాలా?
– చిత్తూరు

జవాబు: వద్దు. అయిపోయిన ఆపరేషన్‌ను మళ్లీ చేసి ప్రయోజనం లేదు. కీహోల్ చేయించుకున్నవారిలోనూ అత్యధికులు బాగానే ఉన్నారని పై లెక్కలే చెబుతున్నాయి. మీరు చేయవలసింది రెండు పనులు.

మొదటిది, ఆపరేషన్ తర్వాత వచ్చిన పూర్తి పాథాలజీ రిపోర్టు బయటికి తీయండి. డిశ్చార్జ్ సమ్మరీ చాలదు. గ్రంథుల్లో జబ్బు ఉన్నా, కోసిన అంచులో ఉన్నా, పారామెట్రియంలో ఉన్నా, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా కీమోతో కలిపి రేడియేషన్ ఇచ్చి ఉండాలి. ఇవేవీ లేకపోతే గడ్డ సైజు, ముఖద్వారం గోడలోకి దిగిన లోతు, రక్తనాళాల్లో, లింఫు నాళాల్లో కణాలు కనిపించాయా అన్న మూడూ కలిపి చూడాలి. ఉదాహరణకు నాళాల్లో కణాలు ఉండి, గోడలో అన్నిటికంటే లోతైన మూడో వంతు దాకా దిగితే గడ్డ ఎంత చిన్నదైనా రేడియేషన్ గురించి ఆలోచిస్తారు. నాళాల్లో లేకపోయినా గడ్డ 4 సెంటీమీటర్లు దాటి, గోడ మధ్య వరకు దిగితే కూడా అంతే. ఇవి చూడకుండా ‘అంతా తీసేశాం’ అన్న మాటతో ఇంటికి పంపిన కేసులే తర్వాత ఇబ్బంది పెడతాయి.

రెండోది, చెకప్. మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి. చెకప్ అంటే స్కానింగ్ ఒక్కటే కాదు. స్పెక్యులమ్ వేసి యోని పైభాగంలోని కుట్టును కళ్లతో చూడాలి, వేలితో పరీక్షించాలి. కీహోల్ తర్వాత తిరగబెట్టే చోట్లలో ఆ కుట్టు ముఖ్యమైనది. రక్తపు మచ్చ, రక్తస్రావం, దుర్వాసనతో నీళ్లలాంటి స్రావం, ఒక్క కాలికే వాపు, నడుము నుంచి తొడ వెనక్కి దిగే నొప్పి ఉంటే తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి. ఒక కాలి వాపు, ఆ వైపే తొడ నొప్పి, ఆ వైపే కిడ్నీ ఉబ్బడం మూడూ కలిస్తే కటి గోడ దగ్గర జబ్బు పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతోందని అనుమానించాలి. మోకాళ్ల నొప్పి, వాతం అని నూనె రాసుకుంటూ కూర్చుంటే కాలం పోతుంది.

ప్రశ్న: ముఖద్వారం మీద క్యాన్సర్ గడ్డ 1.5 సెంటీమీటర్లే ఉంది. పెద్ద ఆపరేషన్ అక్కర్లేదని, మామూలుగా గర్భసంచి తీస్తే చాలని డాక్టరు అంటున్నారు. తక్కువ చేసి వదిలేస్తున్నారేమో అని అనుమానం.
– పుత్తూరు

జవాబు: అనుమానం వద్దు, ఆ డాక్టరు కొత్త పరిశోధన చదివిన మనిషి. 2024లో వెలువడిన షేప్ అధ్యయనంలో 700 మందిని చూశారు. 2 సెంటీమీటర్లు మించని, గోడలోకి ఎక్కువ దిగని గడ్డలు. మూడేళ్లకు కటి భాగంలో తిరగబెట్టినది మామూలు ఆపరేషన్‌లో 2.52 శాతం, ర్యాడికల్‌లో 2.17 శాతం. మూత్రం బిగుసుకుపోవడం, ఆపుకోలేకపోవడం మాత్రం మామూలు ఆపరేషన్ తర్వాత చాలా తక్కువ. నాలుగు వారాల తర్వాత కూడా మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఒకవైపు 4.7 శాతం, మరోవైపు 11 శాతం.

షరతులు మాత్రం కచ్చితంగా చూడాలి. గడ్డ సైజు ఎంఆర్ఐలోనూ, కోన్ బయాప్సీ (ముఖద్వారం నుంచి శంకువు ఆకారంలో ముక్క తీసే పరీక్ష) చేసి ఉంటే ఆ రిపోర్టులోనూ సరిపోలాలి. గోడలోకి దిగిన లోతు కోన్‌లో 10 మిల్లీమీటర్లకు లోపు, ఎంఆర్ఐలో గోడ మందంలో సగానికి లోపు ఉండాలి. లింఫు గ్రంథులు తీసి పరీక్షించడం ఇందులోనూ తప్పదు. గర్భసంచి ఒక్కటే తీసి గ్రంథులు వదిలేస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. ముఖద్వార క్యాన్సర్ స్టేజి 2బి అని చెప్పి ఆపరేషన్ చెయ్యలేమంటున్నారు. కరెంటు (రేడియేషన్) పెట్టాలట. ఆపరేషన్ కాదన్నారంటే ఇక ఆశ లేదనేగా? కీమోతో గడ్డను కరిగించి తర్వాత ఆపరేషన్ చేసే వీలు లేదా?
– నగరి

జవాబు: ఈ భయంతో ఎంతమంది చికిత్సే మానేస్తున్నారో తలుచుకుంటే బాధ కలుగుతుంది. 2బి అంటే జబ్బు గర్భసంచి పక్కల ఉండే పారామెట్రియంలోకి పాకింది, కటి గోడను ఇంకా తాకలేదు. ఈ దశకు కీమోతో కలిపిన రేడియేషనే అసలు చికిత్స, నయం చేయాలనే ఇస్తారు. ఆపరేషన్ చేయకపోవడం చేతులెత్తేయడం కాదు.

కీమోతో కరిగించి కోయడం గురించి మన దేశంలోనే తేల్చారు. ముంబై టాటా మెమోరియల్‌లో 635 మందిని రెండు వర్గాలు చేసి చూస్తే, ఐదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు కీమో తర్వాత ఆపరేషన్ వర్గంలో 69.3 శాతం, కీమో రేడియేషన్ వర్గంలో 76.7 శాతం. 2018లో ఇది ప్రచురితమైంది. కాబట్టి ఎవరైనా కోస్తామన్నా మీరే వద్దనాలి.

చికిత్స నడిచే తీరు ఇది. బయటి నుంచి రేడియేషన్ వారానికి ఐదు రోజులు, మొత్తం 25 సిట్టింగులు, సుమారు 45 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత). వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, శరీర ఉపరితలం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాములు, ఐదు డోసులు. ప్రతి డోసుకు ముందు రక్తకణాలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూడాలి. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది, గడ్డ మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ ఉబ్బి ఉంటే ముందు స్టెంటు (మూత్రనాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం) వేయించాలి. హిమోగ్లోబిన్ 10కి తగ్గకుండా చూసుకోవాలి, తగ్గితే రక్తం ఎక్కిస్తారు. రోజూ సిట్టింగుకు ముందు మూత్రం పోసి, చెప్పినన్ని నీళ్లు తాగి, చెప్పినంతసేపు ఆగి మూత్రసంచి నింపుకుని పడుకోవాలి. ఇదేదో చాదస్తం అనుకోవద్దు. నిండిన మూత్రసంచి పేగులను కిరణాల దారిలోంచి పైకి నెడుతుంది. ఒకరోజు నిండుగా, ఒకరోజు ఖాళీగా ఉంటే గర్భసంచి చోటు మారి కిరణం గురి తప్పుతుంది. మూడో వారానికి విరేచనాలు మొదలుకావచ్చు. పెరుగన్నం, మజ్జిగ, ఓఆర్ఎస్ నడవనివ్వండి, కారం, పచ్చి కూరలు తగ్గించండి.

తర్వాతది బ్రాకీథెరపీ, అంటే లోపలి కరెంటు. చాలామంది ‘25 అయిపోయాయి, రక్తం ఆగిపోయింది’ అని ఇక్కడే మానేస్తారు. ఇది లేకపోతే చికిత్స సగమే. మత్తు ఇచ్చి ఒక సన్నని లోహపు గొట్టాన్ని గర్భసంచిలోకి, రెండు గుండ్రటి అమరికలను ముఖద్వారం పక్కల పెడతారు. కదలకుండా గుడ్డ కూరి, స్కాన్ తీసి లెక్కవేసి, యంత్రం రేడియోధార్మిక గింజను ఆ గొట్టాల్లోకి కొద్ది నిమిషాలు పంపి వెనక్కి తీసుకుంటుంది. 7 గ్రే చొప్పున నాలుగుసార్లు ఒక పద్ధతి, 9 గ్రే చొప్పున రెండుసార్లు మరొకటి. ఒక్క కోత కూడా లేకుండా గడ్డ నడిమధ్యకు పెద్ద మోతాదు చేరుతుంది.

మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి. ఎడం ఇస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. గంగ జాతరకనో, పెళ్లికనో, కొండకు మొక్కు తీర్చుకోవాలనో నాలుగు రోజులు ఆపకండి. తలనీలాలు చికిత్స అయ్యాక ఇచ్చినా స్వామికి చెల్లుతాయి. నగరి నుంచి రోజూ తిరగడం కష్టమైతే తిరుపతిలోనే ఎనిమిది వారాలు బస చూసుకోవడం మేలు. స్విమ్స్ ఆసుపత్రిలోనూ, టాటా ట్రస్టుల ఆధ్వర్యంలోని అలిపిరి దగ్గరి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ రేడియేషన్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే మొదటి రోజే ఆరోగ్యమిత్రకు చూపించండి.

ఇంటర్‌లేస్ అనే అధ్యయనం గురించి కూడా మీ డాక్టరును అడగండి. రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇచ్చి, ఏడో వారం నుంచి ఆలస్యం లేకుండా కీమో రేడియేషన్ మొదలుపెట్టారు. మొత్తం 500 మందిని చూస్తే, ఈ ముందు కీమో తీసుకున్నవారిలో ఐదేళ్లకు బతికున్నవారు 80 శాతం, అది లేకుండా నేరుగా రేడియేషన్‌కు వెళ్లినవారిలో 72 శాతం. భారతదేశం నుంచీ పేషెంట్లు అందులో చేరారు. రెండూ పాత మందులే, ఖరీదు పెద్దగా లేదు. జుట్టు రాలుతుంది, రక్తకణాలు తగ్గుతాయి. శరీరం తట్టుకునేవారికే ఇస్తారు. ఆరు వారాల కీమో అయ్యాక ‘బాగైపోయింది’ అనుకుని రేడియేషన్‌కు రాకపోతే మాత్రం ఉన్నదీ పోతుంది.

ప్రశ్న: మా వదినకు పొట్ట తెరిచి ర్యాడికల్ ఆపరేషన్ చేసి పది రోజులైంది. మూత్రం పైపు ఇంకా తీయలేదు. ఏదైనా దెబ్బతిందా?
– రేణిగుంట

జవాబు: దెబ్బ తిన్నట్టు కాదు. గర్భసంచి పక్కల ఉండే పారామెట్రియం తీసేటప్పుడు అందులోంచి మూత్రసంచికి పోయే సన్నని నరాలు కొన్ని తెగుతాయి, కొన్ని సాగి మొద్దుబారతాయి. రెండు వారాల దాకా పైపు ఉండటం మామూలే. తీసిన రోజు, మూత్రం పోసిన వెంటనే లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడాలి. 100 మిల్లీలీటర్లకు లోపైతే ఫర్వాలేదు. ఎక్కువైతే మళ్లీ పైపు వేయడమో, రోజుకు నాలుగైదుసార్లు సన్నని పైపుతో తనే తీసుకోవడం నేర్పడమో చేస్తారు. ‘వస్తోంది కదా’ అని మిగిలినది కొలవకుండా ఇంటికి పంపితే సంచి సాగిపోయి, ఇన్‌ఫెక్షన్ పట్టి, నెల తర్వాత చలిజ్వరంతో వస్తారు. ఇంటికి వచ్చాక మూత్రం వచ్చినట్టు తెలియకపోయినా గడియారం చూసి మూడు గంటలకోసారి వెళ్లాలి. ఒకసారి పోశాక రెండు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించాలి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు వారాల మధ్య యోని నుంచి నీళ్లలా ఆగకుండా కారితే తెల్లబట్ట అనుకోకండి. మూత్రనాళానికి రంధ్రం పడి ఉండవచ్చు. త్వరగా పట్టుకుంటే చాలాసార్లు స్టెంటు వేసి మాన్పవచ్చు. పిక్క వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్ స్కాన్ తీయించాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద రోజూ వేసే సూది నాలుగు వారాలు రాసి ఉంటే మధ్యలో మానకండి.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. నెలసరి మధ్యలో రక్తస్రావం, తెల్లబట్ట. స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ ఉందని కీహోల్‌లో గర్భసంచి తీసేద్దామన్నారు. సరేనని చెప్పాను.
– పుంగనూరు

జవాబు: సరే అన్న మాటను ఒక వారం వాయిదా వేయండి. స్త్రీలకు గర్భసంచి తీసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. క్యాన్సర్ ఉందో లేదో చూడకుండా తీసేయడం ఇక్కడ మళ్లీ మళ్లీ జరుగుతున్న తప్పు. పొట్ట మీద చేసే స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ కనిపిస్తుంది, ముఖద్వారం మీది గడ్డ తప్పిపోవచ్చు.

తీయకముందు కావలసినవి ఇవి. స్పెక్యులమ్ వేసి ముఖద్వారాన్ని వెలుతురులో చూడటం. మామూలుగా కనిపిస్తే పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల పరీక్ష) లేదా హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష. కళ్లకు పుండో గడ్డో కనిపిస్తే పాప్ స్మియర్ మీద ఆధారపడకుండా నేరుగా ముక్క తీయాలి. కుళ్లిన కణాలు, రక్తం అడ్డుపడి, పెద్ద గడ్డ ఉన్నా స్మియర్ నార్మల్ అని రావచ్చు. 45 దాటి నెలసరి తప్పిన రక్తస్రావం కనుక గర్భసంచి లోపలి పొర నుంచి కూడా శాంపిల్ తీయాలి.

ఇవేవీ లేకుండా తీసేసి, పదిహేను రోజుల తర్వాత రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే ఏమవుతుందో చూడండి. మానిప్యులేటర్ గడ్డలోంచి వెళ్లి ఉంటుంది. గర్భసంచిని ముక్కలు చేసి తీసి ఉంటే కణాలు పొట్టలో పడి ఉంటాయి. మిగిలిన పారామెట్రియం తీయడానికి మళ్లీ ఆపరేషన్ చేయడం మొదటిదానికంటే కష్టం. రేడియేషన్ ఇద్దామంటే లోపలి కరెంటు గొట్టం నిలబడటానికి గర్భసంచే లేదు, మోతాదు సరిగా చేరదు.

క్యాన్సర్ పరీక్షలు చేసే స్విమ్స్ వారి పింక్ బస్సు మీ వైపు వచ్చినప్పుడు పరీక్షలు చేయించుకోవచ్చు, లేదా జిల్లా ఆసుపత్రిలో గైనకాలజిస్టును కలవండి. అన్నీ మామూలుగా ఉండి ఫైబ్రాయిడ్ వల్లే రక్తస్రావం అని తేలితే మందులు, మిరీనా వంటి లూప్ (గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం) ఫలిస్తాయేమో ముందు చూడండి. చివరికి తీయాల్సే వస్తే కీహోల్ మంచిదే. తీసిన గర్భసంచిని ముక్కలు చేయకుండా పూర్తిగా పాథాలజీకి పంపమనండి. రిపోర్టుతోపాటు గాజు స్లైడ్లు, మైనపు దిమ్మలు (తీసిన ముక్కలను మైనంలో భద్రపరిచినవి) ఆ ల్యాబులో ఎన్నాళ్లు భద్రపరుస్తారో అడిగి, ల్యాబు నంబరు రాసిపెట్టుకోండి. రేపు వెల్లూరుకో చెన్నైకో వెళ్లాల్సి వస్తే అక్కడ మొదట అడిగేవి అవే.